ఎక్కిన మగ్గానికే ఓటు

పోయిన వారం నాగులమ్మను గంజి కుండ దగ్గర నిలబెట్టి, వీధి మలుపులో ఒక తెల్ల రుమాలు కనిపించగానే కథ ఆపేశాం. ఆ రుమాలు ఎవరిదోనని ఏడు రోజులు సతమతమైన పాఠకులకు ముందే చెప్పేస్తున్నాను, అది కాటమయ్యది. అసలు రాకూడని మనిషి, రాక తప్పని మనిషి కూడా ఆయనే.

కథ కొత్తగా అందుకున్నవాళ్లకు నాలుగు మాటలు. మోత్కూరుకు కూతవేటు దూరంలో ఉన్న చింతలగట్టులో ఒక వీధి వీధంతా నేతగాళ్లది. జర్మనీ వాడితో లడాయి ముగిసిందని ఊరూరా దండోరా వేశారు గాని, నేతగాళ్ల ఇళ్లకు నూలు మాత్రం తిరిగి రాలేదు. సర్కారు డిపో విదిల్చే కాస్త నూలునూ భోనగిరి నుంచి తెచ్చి పంచేది నేతగాళ్ల సంఘం పెద్ద, అందరూ సదర్ అంటారు. ఏళ్లుగా ఆ సదర్ పదవిలో ఉన్న కాటమయ్యకు ఈసారి గాలయ్య పోటీ నిలిచాడు. వీధి రెండుగా చీలింది. ఎవరు ఎన్నిసార్లు వేళ్లు మడిచి చూసుకున్నా ఇటు ఎన్నో అటూ అన్నే తేలుతున్నాయి.

ఇక నాగులమ్మ సంగతి. నూలు కరువు ముదిరిన ఏడు ఆమె మొగుడు ఎల్లస్వామి షోలాపురం మిల్లుకు పోయాడు. రెండేళ్లు దాటింది, మనిషి లేడు, కబురు లేదు. అట్లా పోయినవాళ్ల పేర్లు సంఘంలోంచి తీసేస్తానంటాడు కాటమయ్య. నిలబెడతానంటాడు గాలయ్య. పేరు పోతే నూలు ఒక్కటే కాదు, మగ్గం గుంట తవ్విన జాగా కూడా పోతుంది, అది సంఘం జాగా. ఎల్లస్వామి ఏనాడైనా తిరిగొస్తే కాళ్లు పెట్టుకోవడానికి గుంట ఉండదన్నమాట.

సంఘంలో ఓటు మనిషికి కాదు, మగ్గానికి. అదీ పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిన మగ్గానికే. ఈ కట్టుబాటు తెలిసిన నాగులమ్మ నెలల తరబడి ఇంటింటా కండెలకు నూలు చుట్టి, కూలికి గింజలకు బదులు నూలే అడిగి తెచ్చుకుని, చారెడు చారెడు కూడబెట్టి ఒక పడుగుకు సరిపడా చేసింది. ఇవాళ నడిపొద్దుకు ఓట్లు మూసేస్తారు. ఆలోపు ఆ పడుగు గంజి తాగి, ఆరి, మగ్గమెక్కాలి.

వీధి పొడవునా గుంజలకు సాగదీసిన పడుగు అప్పటికే గంజితో తడిసి ఉంది. అది అత్తాకోడళ్లు ఆ పూట తాగాల్సిన జొన్నగంజి. ఇంట్లో ఇంకో గింజ లేదని వీధికంతా తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తడిసిన పడుగును ఎండ ముదరకముందే దువ్వకపోతే పోగు పోగుకు అంటుకుని అట్ట కడుతుంది. దాన్ని దువ్వే పెద్ద కుంచె ఇద్దరు పట్టేది. చెరో పక్కన నిలబడి, అడుగులో అడుగు కలిపి, ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలి. ఒక చెయ్యి తొందరపడితే పోగులు తెగుతాయి. ఇంత పలుచని నూలును తెగకుండా దువ్వగలిగిన చెయ్యి ఆ వీధిలో ఒక్కటే ఉంది.

“పక్కకు జరుగుండ్రి,” అన్నాడు కాటమయ్య, రుమాలు విప్పి నడుముకు చుట్టుకుంటూ.

అటు పక్కన కుంచె పట్టడానికి అప్పటికే సిద్ధంగా నిలబడ్డవాడు గాలయ్య. పెద్దాయనను చూసి తడబడ్డాడు.

“చిన్నాయినా, నువ్వొస్తవనుకోలే. గీ పడుగెక్కితే ఓటు ఎవరికి పడుతదో నీకెర్కనే గద.”

“ఎర్కనే. పడుగు తడిసినంక ఎవలదని అడిగేటోడు నేతగాడే గాదు. పట్టు కుంచె. బిరబిర ఉరుకకు, నీకు గదొక రోగమున్నది.”

నవ్వాలో వద్దో తెలియక వీధి సగం సగం నవ్వింది. ఇద్దరు పోటీదార్లు చెరో పక్కన కుంచె పట్టుకుని నడక మొదలుపెట్టారు. సదర్ గద్దె కోసం నెల రోజులుగా ఒకరి నీడ ఒకరికి గిట్టనివాళ్లు అడుగు తప్పకుండా పక్కపక్కన నడవడం చూసి, తెగిన పోగులు అతకడానికొచ్చిన అమృతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ ఆమెకు మాట దాచుకునే అలవాటు లేదు, పైగా ఆమె కొడుకు కూడా షోలాపురంలోనే ఉన్నాడు.

“కాటమయ్య బావా, చెయ్యి మంచిదే నీది, మాటనే మంచిగ లేదు. పోయినోళ్లు కులుకుతందుకు పోయిన్రా? ఆకలికి పోయిన్రు. ఆళ్ల పేర్లు కొట్టేస్తనంటవేంది?”

జంగయ్య కాటమయ్య మనిషి. తెగిన పోగును అతుకుతూనే అందుకున్నాడు. “కొట్టేయక ఏం జేస్తడు? వచ్చే నూలు ఉన్నోళ్లకే సాలుతలేదు. నా మగ్గం నెలల సగం రోజులు పండుకుంటాంది. లేనోళ్ల వాటా పక్కన పెడితే ఉన్నోళ్లం మన్ను తినాల్నా?”

“గదే నీకు సమజ్ గాంది!” కుంచె లాగుతూనే మెడ తిప్పాడు గాలయ్య. “డిపోల నూలిచ్చేది మగ్గాలను చూసి. మగ్గాలు తగ్గినయంటే నూలు గూడ తగ్గిస్తరు. అప్పుడు అందరం షోలాపురమే.”

“ముందు చూసి లాగు,” అన్నాడు కాటమయ్య. “లేని మనిషి పేరు మీద నూలు తెస్తే రేపు తనిఖీకొచ్చి సంఘాన్నే మూసేస్తరు. అప్పుడు నూలు షావుకారి కొట్లకు పోతది. ఆయినె కాళ్లు పట్టుకోని బతుకుతరా? నేను జూసిన ఆ రోజులు. మీరు జూడలే.”

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఈ వీధికి పట్టిన పీడ కూడా అదే. ఎవడో ఒకడు పచ్చి దొంగయితే ఓటు వేయడం ఎంత సులువు!

నాగులమ్మ ఈ వాదన వినడం లేదు. తెగిన పోగు దొరికిన చోటల్లా వంగి, వేళ్ల మధ్య మెలిపెట్టి అతుకుతూ పోతోంది. గంజి వాసన ఆమెను నిలవనీయడం లేదు. ఎల్లస్వామి ఒంటికి ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. పొద్దున్నే అతని మగ్గం చప్పుడుకు ఆమె మేల్కొనేది, ఆ చప్పుడు ఆగితే అన్నానికి లేచాడని తెలిసేది. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నిద్రపట్టదు, జంగయ్య మగ్గం ఆడుతున్న రోజున వాళ్ల గోడవతల కాసేపు ఊరికే కూర్చుని వస్తుంది. అతను ఎట్లా ఉన్నాడు, ఎవరు వండిపెడుతున్నారు అని ఆమె ఎవరినీ అడగదు. అడిగితే జాలి పడతారు, ఆమెకు జాలి అంటే ఒళ్లు మంట. ఒక్కటి మాత్రం గట్టిగా నమ్మింది. పోయేనాడు ఎల్లస్వామి, నూలు కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య పరుగెత్తే తన నాడెను వెంట తీసుకుపోయాడు. మిల్లులో చేతినాడెతో పనేముంది? మళ్లీ ఈ గుంటలో కూర్చోవాలని లేనివాడు దాన్ని మూటలో ఎందుకు కట్టుకుంటాడు? రెండేళ్లూ ఆమె తిన్న తిండి ఈ నమ్మకమే.

కుంచె ఆ చివర నుంచి మళ్లీ ఆమె దగ్గరకొచ్చింది. నాగులమ్మ లేచి నిలబడింది.

“మామా, ఒక్క మాట అడుగుతా.”

“పడుగు ఆరినంక అడుగు.”

“ఆరినంక నువ్వు పోతవ్. ఇప్పుడైతే పోలేవు.”

వీధి అటూ ఇటూ చూసుకుంది. తడి పడుగు మధ్యలో కుంచె వదిలిన నేతగాడు ఇప్పటిదాకా పుట్టలేదు, కాటమయ్యను దొరకబుచ్చుకోవడానికి ఇంతకంటే మంచి జాగా ఉండదు. నాగులమ్మ ఆయనతో పాటు పక్కనే నడవడం మొదలుపెట్టింది.

“అమృతమ్మ కొడుకు పేరు తీసేస్తనంటే ‘చూద్దాం’ అంటవు. బాలస్వామి తమ్ముని పేరంటే ‘ఆలోచిద్దాం’ అంటవు. మా ఇంటాయిన పేరు రాంగనే ‘తీసేసుడే’ అంటవు. నీ చేతుల మీద పని నేర్చినోడు. నీకేం అన్యాయం జేసిండు?”

“ఏం జేయలే.”

“మరెందుకు?”

“జరుగు బిడ్డా, కాళ్లకు అడ్డమొస్తున్నవు.”

“జరుగ. చెప్పు.”

కాటమయ్య ఆమె వైపు తల తిప్పాడు. చేతులు మాత్రం అదే నడకలో కదిలాయి. “చెప్పొద్దనుకున్న. వదినె మొకం జూసి ఇన్నొద్దులు నోరు మూసుకున్న,” అన్నాడు. వదినె అంటే గంజి కుండ పక్కన కూర్చున్న అండాలు, ఎల్లస్వామి తల్లి. “నువ్వే గుంజి అడుగుతున్నవు. నీ మొగడు నేత ఇడిచిపెట్టిండమ్మా. ఆయన నాడె నా దగ్గరున్నది. తెచ్చి నా చేతిల పెట్టి కాళ్లు మొక్కి పోయిండు.”

అమృతమ్మ చేతిలో పోగు జారిపోయింది. అన్ని చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి, పైన ఎండ మాత్రం ఆగలేదు.

“చేతులాపకుండ్రి!” అండాలు గొంతు వీధి ఆ చివరకు వినబడింది. “పడుగు అంటుకుంటాంది. కన్నీళ్లు ఇంటికాడ పెట్టుకుందాం. అతుకుండ్రి!”

మళ్లీ కుంచె కదిలింది. నాగులమ్మ వంగి తెగిన పోగు వెతకబోయింది, కళ్లనిండా నీళ్లు, పోగు ఎక్కడుందో కనబడలేదు. అమృతమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఆ పోగును తాను అతికింది. రెండేళ్లుగా నాగులమ్మ చూసిన ఎదురుచూపంతా ఆ నాడె మీదే నిలిచి ఉంది. అదేమో ఇన్నాళ్లూ నాలుగిళ్ల అవతల కాటమయ్య ఇంట్లో ఉంది. అతను రానని చెప్పిపోయాడు, తాను వస్తాడని కడుపు కట్టుకుని పడుగు పోసింది. ఇంతమంది ముందు ఇంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు. అయినా లోపల ఎక్కడో, సిగ్గు లేకుండా, అతన్ని చూడాలనే ఉంది. తిట్టడానికైనా సరే, ఒక్కసారి చూడాలని ఉంది.

పడుగు దువ్వడం అయిపోయింది. ఆరింది. చుట్టి లోపలికి తీసుకెళ్లారు. మగ్గానికి ఎక్కించే పనిలో కూడా కాటమయ్యే కూర్చున్నాడు. ఆయన ముఖంలో గెలిచినవాడి ఛాయలు ఏమాత్రం లేవు. మగ్గంలో మిగిలిన పాత పోగు కొసలకు కొత్త పడుగు అతుకులు పడుతుండగా, గడపలో కూర్చున్న అండాలు తనలో తాను అనుకున్నట్టు మొదలుపెట్టింది.

“మా ఇంటాయినకు కండ్లు పోయి నేత ఇడిచిననాడు నీ తోడబుట్టిన అన్నకే ఇచ్చిండు గదా కాటమయ్యా నాడె. కండె తీసేసి, కడిగి, బొట్టు పెట్టి ఇచ్చిండు. నాకిప్పటికీ యాదికున్నది.”

ఆ ఇంట్లో ఉన్న అందరికీ తెలిసిన సంగతే అది. పని వదిలేసేవాడు నాడెను ఖాళీ చేసి ఇస్తాడు. కండె ఉన్న నాడెను మరొకరి చేతిలో పెడితే అర్థం వేరు, మళ్లీ వచ్చేదాకా దాచి ఉంచమని. ఆ వీధిలో పసిపిల్లలకు కూడా ఇది చెప్పనక్కర్లేదు.

నాగులమ్మ తల ఎత్తింది.

“మామా, మా ఇంటాయిన ఇచ్చిన నాడెల కండె ఉండెనా?”

ఆ పొద్దుటి నుంచి మొదటిసారి కాటమయ్య చేతులు ఆగాయి. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు, కాకపోతే అడగనిది చెప్పే మనిషి కూడా కాదు.

“ఉండె,” అన్నాడు.

“ఉండెనా!” గాలయ్య మనుషులు గోల చేశారు. “కండె ఉన్న నాడెను పట్టుకోని నేత ఇడిచిండంటవా? గిదేం న్యాయం చిన్నాయినా?” అనే గొంతులు గడప బయట నుంచి లేచాయి. చిత్రం ఏమిటంటే ఆ గొంతుల్లో గాలయ్యది లేదు.

కాటమయ్య లేచాడు. “తెస్త,” అని మాత్రం అని బయటకు నడిచాడు. ఆయన వెళ్లి వచ్చేలోపు మిగతా అతుకులు పడ్డాయి, మగ్గం ఎక్కింది. సంఘం కొట్టం గుమ్మంలో ఓటు కుండల దగ్గర కూర్చున్న ఏసోబు పంతులు మిషన్ బడిలో చదువు చెప్పుకునే మనిషి, మగ్గం లేనివాడు కాబట్టి ఇద్దరికీ నమ్మకస్తుడు. ఆయన వచ్చి, పడుగును వేలితో మీటి చూసి, “ఎక్కింది. ఈ మగ్గానికి ఓటున్నది. నాగులమ్మా, జల్ది రా, పొద్దు నెత్తి మీదికొస్తాంది. అందరియి పడ్డయి, నీదే మిగిలింది,” అని పోయాడు. తెల్ల దారం కట్టిన కుండ కాటమయ్యది, ఎర్ర దారం కట్టింది గాలయ్యది. ఏదో ఒకదాంట్లో నూలు లేని ఉత్త కండె ఒకటి వేసి రావడమే. రెండు కుండలూ సమానంగా ఉన్నాయని వీధి అంతా ఒప్పుకున్న లెక్క, ఇక గద్దె ఎవరిదో నాగులమ్మ చేతిలో ఉంది.

కాటమయ్య తిరిగి వచ్చాడు. రుమాలులో చుట్టిన నాడెను ఆమె ఒళ్లో పెట్టాడు.

“నేను కండెను లెక్క జేయలే బిడ్డా. నూలు సాలక, ఒక పేరు తగ్గితే నలుగురికి అందుతదని, ఇడిచిండనే అనుకున్న. అనుకోవాలనిపించింది, అనుకున్న. తప్పే. నువ్వు ఏ కుండల ఏసినా నిన్నేమన.”

ఆ ఒప్పుకోలు విని జంగయ్య తల దించుకున్నాడు. అండాలు మాత్రం, “గిది ముందే చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతుండెనా?” అని అంటించింది.

నాగులమ్మ వాళ్ల మాటలు వినలేదు. రుమాలు విప్పి నాడెను రెండు చేతులా పట్టుకుంది. అరిగిన చోటల్లా ఎల్లస్వామి వేళ్లు ఆనిన గుర్తులే. ఆమె దాన్ని చెంపకు ఆనించుకోబోయి, లోపలి కండె కంటబడి ఆగిపోయింది.

కండె ఎర్రది.

ఎల్లస్వామి షోలాపురం పోయిన ఏడు ఈ వీధిలో తెల్లనూలుకే దిక్కులేదు, రంగునూలు సంగతి చెప్పేదేముంది. ఎర్రనూలు వచ్చింది మొన్న ఉగాది తర్వాత. వచ్చింది ఒక్క ఇంటికి, గాలయ్య ఇంటికి. ఆ ఇంటి అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఆ నూలంతా కండెలు చుట్టింది ఎవరు? తానే. అనుమానం తీరక కండె కొసను వేలితో తీసి చూసింది. కొసను రెండు మెలికలు వేసి లోపలికి దోపడం ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న పద్ధతి, చింతలగట్టులో ఇంకే ఆడదీ అట్లా చేయదు. ఎవరి వంట వాళ్లు ఎట్లా గుర్తుపడతారో ఆమె ఆ కండెను అట్లా గుర్తుపట్టింది.

అంటే ఎల్లస్వామి ఊరికి వచ్చాడు. ఉగాది తర్వాత వచ్చాడు. ఆమె చుట్టిన కండెను తన నాడెలో పెట్టుకున్నాడు. ఆమె ముఖం మాత్రం చూడకుండా పోయాడు.

“మామా,” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “ఆయిన నీకు గిది ఇచ్చింది షోలాపురం పోయేనాడు గాదు.”

కాటమయ్య మెల్లగా తల తిప్పి గడప అవతలికి చూశాడు. ఆయన చూపు వెంబడే అందరూ చూశారు. అక్కడ గాలయ్య, పొద్దుటి నుంచి అంత మాట్లాడినవాడు, గోడకు ఆనుకుని, గంజి ఎండిన అరచేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. నెల రోజులుగా కొట్లాడుకున్న ఇద్దరు మనుషులూ ఒకరినొకరు చూసుకున్న తీరు చూస్తే, ఒక సంగతి దాచడంలో మాత్రం వాళ్లిద్దరూ ముందు నుంచీ ఒకే వైపున్నారని ఎవరికైనా తెలిసిపోతుంది.

“నాగులమ్మా!” కొట్టం దగ్గర నుంచి ఏసోబు కేక వేశాడు. “పొద్దు నెత్తి మీదున్నది. వస్తవా, కుండలు మూయమంటవా?”

“పో బిడ్డా,” అండాలు గడప పట్టుకుని లేచింది. “ముందు ఓటేసి రా. వాని మగ్గం నిలబెట్టు. మిగిలింది తర్వాత అడుగుదాం.”

నాగులమ్మ ఒక చేతిలో ఓటు కండె, ఒక చేతిలో నాడెతో గడప దాటింది. కొట్టం కుడివైపు, గాలయ్య నిలబడింది ఎడమవైపు. ఆమె ఎడమవైపు తిరిగింది.

“గాలయ్యా, నీ ఇంటి అరుగు మీద కూసోని నెలల తరబడి కండెలు చుట్టిన. మంచినీళ్లడిగితే నువ్వే తెచ్చి ఇస్తివి. ఒక్కనాడు లోపలికి రానియ్యకపోతివి. మర్యాదనుకున్న.” నాడెను అతని ముందుకు చాపింది. “మా ఇంటాయిన మీ ఇంట్ల ఎన్నొద్దులున్నడు? ఎప్పుడు పోయిండు?”

గాలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కాటమయ్య వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు గాని ఆలస్యమైంది.

“ఓటు నాకెయ్యకున్నా మంచిదే వదినె, ఇగ దాసుడు నాతోని గాదు,” అన్నాడు గాలయ్య. “నీ రాట్నం చప్పుడు ఆగినంకనే రోజూ అన్నం తినేటోడు. పోయిండని నీకెవరు చెప్పిన్రు?”